షీట్ ఫిల్మ్ ఇంట్లో కడగడం: గీత పడకుండా ఎలా చేయాలి

షీట్ ఫిల్మ్ అంటే రీలుగా కాకుండా పెద్ద కెమెరాల కోసం విడివిడి ముక్కలుగా వచ్చే ఫిల్మ్. మొదటిసారి కొన్న 25 షీట్ల పెట్టెలో నేను గీత పడకుండా బయటికి తీసినవి ఆరంటే ఆరు. మిగతావన్నీ ఏదో ఒక చోట గీరుకుపోయాయి, అదీ సరిగ్గా ఆకాశం ఉన్న చోటో, మనిషి బుగ్గ ఉన్న చోటో. ఫోర్ బై ఫైవ్ (నాలుగు అంగుళాలకు ఐదు) షీటు ఒక్కోటి ఇవాళ ఒక బిర్యానీ ఖరీదు చేస్తోంది కాబట్టి కడుపు మండకుండా ఎలా ఉంటుంది? అప్పట్లో నేను అందరూ చెప్పే పద్ధతిలోనే చేసేవాణ్ణి: ఐదారు షీట్లు ఒకే ట్రేలో దొంతరగా వేసి, చీకట్లో అడుగుది తీసి పైన పెట్టి, మళ్లీ అడుగుది తీసి పైన పెట్టి, పేకముక్కలు కలిపినట్టు తిప్పుతూ ఉండటం. చేయి తిరిగినవాళ్లు ఇప్పటికీ అలాగే చేస్తారు, వాళ్లకు గీతలు పడవు కూడా. నాకు పడ్డాయి. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా పడతాయి.

అందుకే ఆ పద్ధతి ఇక్కడ చెప్పట్లేదు. నేను నేర్చుకున్నది ఒక్కటే, తడిసిన షీటుకు ఇంకో షీటు తగలకూడదు. కింద రాసిన పనులన్నీ దాని కోసమే.

ఎందుకంటే ఫిల్మ్ మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో, దాన్నే ఎమల్షన్ అంటారు. పొడిగా ఉన్నప్పుడు ఆ పొర బాగానే గట్టిగా ఉంటుంది. నీళ్లు తగలగానే ఉబ్బి, తాటిముంజ పైపొరలా జారుడుగా, మెత్తగా అయిపోతుంది. మరోవైపు షీట్ ఫిల్మ్ అట్ట మామూలు రీలు కంటే మందం, ఇల్‌ఫోర్డ్ వాళ్ల ఎఫ్‌పీ4 ప్లస్ షీటైతే 0.18 మిల్లీమీటర్ల పాలిస్టర్. చేత్తో పట్టుకుంటే రేకులా నిలబడుతుంది. ఆ మూల వెళ్లి పక్క షీటు మెత్తటి పొరలో దిగిందంటే గోరుతో మీగడ గీకినట్టే.

ముందు పాత నెగటివ్‌లు చూడండి

ఇప్పటికే గీతలు పడ్డ నెగటివ్‌లు ఉంటే పారేయకండి. అవి ఎక్కడ పడ్డాయో తెలిస్తే సగం పని అయినట్టే. ఒక బల్బు కింద షీటును ఏటవాలుగా పట్టుకుని చూడండి. తళతళ మెరిసేది వెనక వైపు, కాస్త మెరుపు తగ్గి కనిపించేది ఎమల్షన్ వైపు. గీత ఏ వైపు ఉందో ముందు తేల్చుకోండి.

గీత నెగటివ్‌లో పారదర్శకంగా ఉండి, ప్రింటులో నల్లగా వస్తోందంటే అక్కడ ఎమల్షన్ లేచిపోయింది, చాలావరకు తడిలో జరిగిన పనే. అలా కాకుండా గీత నెగటివ్‌లో నల్లగా ఉండి, ప్రింటులో తెల్లగా వస్తోందంటే ఫిల్మ్ పొడిగా ఉన్నప్పుడే ఒత్తిడి తగిలింది, ఆ ఒత్తిడికి వెలుగు తగిలినట్టే డెవలపర్‌లో (బొమ్మను తేల్చే మందులో) నల్లబడింది. నెలవంకలా చిన్న మచ్చ ఉంటే హోల్డర్‌లోకి (షీటును కెమెరాలో పెట్టే చట్రంలోకి) ఎక్కించేటప్పుడు షీటు వేలి దగ్గర వంగి ముడత పడింది. డార్క్ స్లైడ్ (హోల్డర్‌కు మూతలా ఉండే పలక) లాగే దిశలో, పొడవునా, తిన్నటి గీత ఉంటే హోల్డర్‌లో ఇసుక రేణువుంది. చిన్న కామా ఆకారంలో, ఒక పక్క లోతుగా మొదలై తేలిపోయే గీత ఉంటే అది పక్క షీటు మూల చేసిన పని. నా 19 షీట్లలో 14 ఈ కామాలే. మూడింటికి నెలవంకలు, రెండింటికి హోల్డర్ గీతలు.

హోల్డర్ సంగతి త్వరగా ముగిద్దాం. ప్రతిసారీ ఎక్కించే ముందు హోల్డర్ లోపల, డార్క్ స్లైడ్ రెండు వైపులా మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులపండి, ముఖ్యంగా స్లైడ్ దూరే సందు దగ్గర ఉండే వెల్వెట్ పట్టీని. బయట ఫోటోలు తీసి వచ్చిన హోల్డర్లను బ్యాగులో అలాగే వదిలేయకుండా జిప్ కవర్లో పెట్టుకోండి, మన ఊళ్ల దుమ్ము సంగతి తెలిసిందే కదా. షీటును ఎక్కించేటప్పుడు అంచులు మాత్రమే పట్టుకోండి, అది రెండు పక్కల పట్టాల కిందికి వెళ్లిందో లేదో వేలితో తడిమి చూసుకోండి, ఇరుక్కుంటే నెట్టకండి, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. నెలవంకలు పడేది ఆ నెట్టే క్షణంలోనే.

గళ్ల పళ్లెం చేసుకోండి

ఇదీ అసలు విషయం. నాలుగు షీట్లను ఒకే ట్రేలో కడుగుదాం, కానీ ఒక్కోదానికి ఒక్కో గది ఇద్దాం. దీన్ని ఇంగ్లిష్‌లో స్లోషర్ అంటారు, నేను గళ్ల పళ్లెం అంటాను. కొనాలంటే బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. చేయించుకోవడం తేలిక, ఇంటి నేమ్‌ప్లేట్లు, షాపు బోర్డులు చేసేవాళ్ల దగ్గర అక్రిలిక్ ముక్కలు ఉంటాయి, కోసి అతికించి కూడా ఇస్తారు.

10x12 అంగుళాల ట్రే తీసుకోండి. దాని అడుగున పట్టేలా 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ పలక ఒకటి. దాని మీద 2.5 సెంటీమీటర్ల ఎత్తున గోడలు, మధ్యలో ప్లస్ ఆకారంలో అడ్డుగోడలు, మొత్తం నాలుగు గదులు. ఒక్కో గది లోపలి కొలత దాదాపు 112x138 మిల్లీమీటర్లు ఉండాలి. షీటు 101x127 లోపే కాబట్టి చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది, కానీ పక్కకు దొర్లి గోడ ఎక్కేంత ఉండదు. అడుగు పలకకు ఒక్కో గదిలో తొమ్మిదో పన్నెండో చిల్లులు, 6 నుంచి 8 మిల్లీమీటర్లవి, పెట్టించండి. పళ్లెం పైకి లేపినప్పుడు నీళ్లు ఆ చిల్లుల్లోంచి దిగిపోతాయి, దించినప్పుడు షీటు కింది నుంచి లోపలికొస్తాయి. షీటు వెనక వైపు పలకకు అతుక్కుపోకుండా ఉండేది కూడా వీటివల్లే. రెండు ఎదురెదురు గోడలకు పట్టుకోవడానికి చెవుల్లాంటి పిడులు పెట్టించుకోండి, డెవలపర్‌లో వేళ్లు ముంచే పని తప్పుతుంది.

పళ్లెం చేతికి రాగానే వాడేయకండి. చిల్లు తొలిచిన చోట అంచు చుట్టూ గరుకుగా ఉంటుంది. నేను మొదటి పళ్లెం అలాగే వాడితే షీట్ల వెనక వరసగా తొమ్మిది చిన్న గుండ్రటి గీతలు, ముగ్గు చుక్కలు పెట్టినట్టు. సన్నటి వాటర్ పేపర్ నీళ్లలో తడిపి ప్రతి చిల్లునూ, గోడల పై అంచులనూ రుద్దండి. తర్వాత కళ్లు మూసుకుని చూపుడువేలితో మొత్తం తడమండి. ఇంకా నమ్మకం లేకపోతే మీ చెల్లి పాత జార్జెట్ చున్నీ అంచు దాని మీద లాగి చూడండి, ఎక్కడైనా దారం తగులుకుందంటే అక్కడ ఇంకా పదునుంది.

మార్కెట్లో దొరికే ట్యాంకుల గురించి రెండు ముక్కలు. మాడ్54 అనే చట్రం ప్యాటర్సన్ మూడు రీళ్ల ట్యాంకులో పట్టి ఒకేసారి ఆరు షీట్లు కడుగుతుంది, లీటరు మందు కావాలి. స్టియర్‌మన్ ఎస్‌పీ-445 నాలుగు షీట్లకు 475 మి.లీ.తో సరిపెడుతుంది. రెండూ మంచివే, ఎక్కించేశాక లైటు వేసుకుని పని చేయొచ్చు. కానీ చీకట్లో షీటును గాడిలోకి దూర్చడం ఉంటుంది, అక్కడ చేయి తడబడితే మళ్లీ అవే నెలవంకలు. షీటును చుట్టి రబ్బరు బ్యాండు వేసి మామూలు ట్యాంకులో పడేసే పద్ధతి కూడా ఉంది, అది నేను సిఫారసు చేయను, బ్యాండు జారితే లోపల ఏం జరుగుతోందో తెలియదు.

గది, నీళ్లు, మందులు

ఎఫ్‌పీ4, హెచ్‌పీ5 లాంటి నలుపు తెలుపు ఫిల్ములు అన్ని రంగుల వెలుగునూ చూస్తాయి కాబట్టి ఎర్ర లైటు కూడా పనికిరాదు, కటిక చీకటి కావాలి. బాత్రూమ్ చాలు, అదీ రాత్రి పూట. వెంటిలేటర్‌కు, ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నానికి నల్ల చార్టు టేపుతో అంటించండి, తలుపు కింద దుప్పటి మడిచి పెట్టండి. లైటు ఆపి పది నిమిషాలు ఊరికే కూర్చోండి. అప్పుడు కనిపిస్తాయి మీకు తెలియని వెలుగులన్నీ. నాకు కనిపించింది గీజర్ మీది చిన్న ఎర్ర బల్బు. మూడు నెలలుగా నా షీట్లు మసకగా వస్తుంటే డెవలపర్ పాడైందని పారబోస్తూ వచ్చాను!

ట్రేలు నేల మీదే పెడతాను. ఎడమ నుంచి కుడికి నీళ్లు, డెవలపర్, దాని పని ఆపే నీళ్లు, హైపో (బొమ్మను నిలిపే ఫిక్సర్). ముందు పీట వేసుకుని కూర్చుంటాను. ఎత్తయిన బల్ల లేదని బాధపడకండి, పీట మీద కూర్చుంటే మోచేతులు మోకాళ్లకు ఆనుకుని ఉంటాయి, చేయి వణకదు. హైపో ట్రే ఎప్పుడూ గోడ పక్కనే, చీకట్లో పొరపాటున దాంట్లో చేయి పెట్టి మళ్లీ డెవలపర్ ముట్టుకుంటే అంతే సంగతులు. ఉంగరాలు, వాచీ, చేతికి కట్టుకున్న దారాలు తీసేయండి, గోళ్లు కత్తిరించుకోండి. నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి, డెవలపర్‌లో ఉండే మెటాల్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి. గ్లవుజు మీ చేతికి బిగుతుగా ఉండాలి, వేలి కొసన వేలాడే రబ్బరు ముక్క షీటుకు తగులుతుంది.

ఇక నీళ్లు. పుస్తకాలన్నీ 20 డిగ్రీలు అంటాయి. మేలో మన మేడ మీది ట్యాంకు నీళ్లు తిప్పగానే చేయి కాలుతుంది. వేడినీళ్లలో జెలటిన్ ఇంకా ఉబ్బుతుంది, ఇంకా మెత్తబడుతుంది, అంటే జనవరిలో పడని గీత మేలో పడుతుంది, మీ చేయి మారకపోయినా. నేను 20 కోసం తంటాలు పడటం మానేసి 24 దగ్గర స్థిరపడ్డాను. డెవలపర్ ఒక్కటే 24లో ఉండి కడిగే నీళ్లు 34లో ఉంటే లాభం లేదు, అన్నీ ఒకే వేడిలో, ఒకటి రెండు డిగ్రీల తేడాలోపే ఉండాలి. ఒక్కసారిగా వేడి మారితే ఎమల్షన్ ముడతలు పడే ప్రమాదం ఉంది.

లెక్క వేద్దాం. గళ్ల పళ్లెం మునగాలంటే 10x12 ట్రేలో లీటరున్నర పోయాలి. ముందు తడిపే నీళ్లు, డెవలపర్, ఆపే నీళ్లు, హైపో, ఆఖరి నీళ్లు కలిపి ఏడున్నర లీటర్లు. కడగడానికి ఆరుసార్లు మార్చితే తొమ్మిది. మొత్తం పదహారున్నర, అంటే 20 లీటర్ల మంచినీళ్ల క్యాను ఒకటి చాలు. ముందు రోజే తెప్పించి ఏసీ గదిలో 24 పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి క్యాను మొత్తం దాదాపు అదే వేడికి వచ్చేస్తుంది. ఏసీ లేకపోతే ఫ్రిజ్ నీళ్లు కలుపుకుంటూ థర్మామీటర్ చూసుకోండి. ఐసు ముక్కలు మాత్రం నేరుగా డెవలపర్‌లో వేయొద్దు, మందు పలచబడుతుంది. ఐసు నింపిన సీసాను మందులో ముంచి తీయండి.

డెవలపర్ నాది డీ-76, సగం నీళ్లు కలిపి. ఐడీ-11 వాడినా తేడా ఉండదు. ఎఫ్‌పీ4 ప్లస్‌కు 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు లెక్క. ట్రేలో ఆపకుండా కదుపుతూ ఉంటాం కాబట్టి 10 నుంచి 15 శాతం తగ్గించాలి, వేడి పెరిగే కొద్దీ డిగ్రీకి ఇంకో పది శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. 24 డిగ్రీల దగ్గర నేను 7 నిమిషాలు ఇస్తున్నాను, మీరు అక్కడ మొదలుపెట్టి మీ నెగటివ్ చూసి సర్దుకోండి. అయిదు నిమిషాల లోపు తేలే కలయికలకు పోకండి. చీకట్లో పళ్లెం ఒక ట్రే నుంచి ఇంకో ట్రేకు మార్చడానికే అరనిమిషం పడుతుంది, తొందరలోనే గీతలు పడతాయి. ఆపడానికి లీటరు నీళ్లలో 15 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు.

హైపో విషయంలో ఒక పాత చిట్కా. ఇప్పుడు దొరికే ర్యాపిడ్ ఫిక్సర్లు త్వరగా పని ముగిస్తాయి కానీ చాలావాటిలో ఎమల్షన్‌ను గట్టిపరిచే గుణం ఉండదు. ఎండాకాలం నేను కొడాక్ వాళ్ల పాత ఎఫ్-5 ఫార్ములా కలుపుకుంటాను. 50 డిగ్రీల దగ్గర ఉన్న 600 మి.లీ. నీళ్లలో హైపో పలుకులు 240 గ్రాములు, సోడియం సల్ఫైట్ 15, 28 శాతం అసిటిక్ యాసిడ్ 48 మి.లీ., బోరిక్ యాసిడ్ 7.5, చివర పటిక 15 గ్రాములు, ఒకటి పూర్తిగా కరిగాకే రెండోది, ఆ పైన లీటరుకు నింపడం. అవును, సెలూన్లో గడ్డం గీశాక రాసే పటికే. జెలటిన్‌ను అది బిగిస్తుంది. బిగిసిన జెలటిన్‌లోంచి హైపో త్వరగా వదలదు కాబట్టి కడిగే సమయం మాత్రం దాదాపు రెట్టింపు చేయాలి.

లైటు ఆపాక

మొదటి రెండు మూడు సార్లు పాడైన షీట్లతో, పట్టపగలు, ఉత్త నీళ్లతో చేసి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని. సిగ్గుపడాల్సిందేం లేదు.

నిమిషాలు చెప్పడానికి ఫోను వెలుగు పనికిరాదు. నేను నా గొంతే రికార్డు చేసుకున్నాను, "ఒక నిమిషం... రెండో నిమిషం..." అని, ఫోనును బయట గుమ్మం దగ్గర బోర్లించి పెడతాను. అంతకుముందు ఆ పని అమ్మ చేసేది. "ఏడైందిరా, ఇంకా ఎంతసేపు?" అని తలుపు తట్టేది, ఒకసారి సీరియల్లో పడి మర్చిపోయింది, ఆ నాలుగు షీట్లు పలకల్లా నల్లగా వచ్చాయి.

గళ్ల పళ్లెం ముందే నీళ్ల ట్రేలో మునిగి ఉండాలి. పొడి చేతులతో హోల్డర్లోంచి ఒక షీటు తీయండి. మూలన ఉండే గాట్లు మీ కుడి చేతి చూపుడువేలి కిందికి, నిలువుగా పట్టుకున్నప్పుడు పైన కుడి మూలకు వచ్చేలా తిప్పుకోండి, అప్పుడు ఎమల్షన్ మీ వైపు ఉన్నట్టు. ఎమల్షన్ పైకే ఉండాలి, ఎప్పుడూ. ఒక అంచును గదిలో నీళ్లకు ఆనించి మిగతాది నెమ్మదిగా వాల్చండి, పడేయకండి. షీటు మీద గాలి బుడగలు ఉండిపోయినా, అది తేలినా, వేలి కొసతో ఒక మూల అంచును మాత్రం తాకి ముంచండి. మధ్యలో నొక్కకండి. నీళ్లలో పెట్టిన చేత్తో రెండో హోల్డర్ ముట్టుకోకండి, ఒక చేయి తడికి, ఒక చేయి పొడికి అని ముందే అనుకోండి. నాలుగూ వేశాక రెండు నిమిషాలు తడవనివ్వండి, మధ్యమధ్యలో పళ్లెం కదిపి.

ఇప్పుడు రెండు పిడులూ పట్టుకుని పళ్లెం తిన్నగా పైకి లేపండి. నీళ్లు చిల్లుల్లోంచి దిగేదాకా పది సెకన్లు. డెవలపర్ ట్రేలోకి ఒక వైపు ముందు, రెండో వైపు తర్వాత, ఏటవాలుగా దించండి. సమాంతరంగా ధబేల్న దించితే మందు చిల్లుల్లోంచి పైకి తన్ని షీటును గోడ మీదికి ఎగరేస్తుంది, గోడ దాటితే పక్క గదిలోని షీటు మీద పడుతుంది, ఇంత కష్టపడి పళ్లెం చేయించుకున్నది దేనికి మరి.

కదపడం ఎలాగంటే, మీ వైపు అంచును రెండు సెంటీమీటర్లు లేపి దించండి, తర్వాత ఎడమ వైపు, తర్వాత అవతలి వైపు, తర్వాత కుడి వైపు. ఒక చుట్టు తిరగడానికి ఎనిమిది పది సెకన్లు. ఆ వరుస మార్చుతూ ఉండండి, ఎప్పుడూ ఒకే దిశలో ఊపితే ఆకాశంలో చారలొస్తాయి. బియ్యం కడిగేటప్పుడు గిన్నెను ఊపే లయ గుర్తుకు తెచ్చుకోండి, అంతే నెమ్మదిగా. గదుల్లో చేయి పెట్టి షీటు ఉందా లేదా అని తడమాలనిపిస్తుంది. నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. వద్దు.

ఏడో నిమిషానికి పది సెకన్ల ముందు లేపి, కారనిచ్చి, నిమ్మ ఉప్పు నీళ్లలోకి. అరనిమిషం. ఆ తర్వాత హైపోలోకి. ర్యాపిడ్ ఫిక్సర్ అయితే రెండు నిమిషాలు గడిచాక లైటు వేయొచ్చు, పటిక కలిపినదైతే అయిదు నిమిషాలు ఆగండి. లైటు వేశాక షీటు మీది పాలలాంటి తెలుపు పూర్తిగా పోవడానికి మొదటి నుంచి ఎంతసేపు పట్టిందో చూసుకుని దానికి రెట్టింపు సేపు హైపోలో ఉంచండి. తెలుపు పోయాక కూడా వెనక వైపు గులాబీయో ఊదారంగో కనిపిస్తే కంగారు పడకండి, అది కడుగుడులో పోతుంది.

లైటు వెలగగానే అందరం చేసే తప్పు ఒకటుంది. బొమ్మ చూడాలన్న ఆత్రంలో షీటును రెండు వేళ్లతో పట్టి పైకి లాగడం. ఎమల్షన్ ఇంకా ఉబ్బి, మెత్తగానే ఉంది. చూడాలనుంటే పళ్లెంతో సహా లేపి లైటుకు ఎదురుగా పట్టుకోండి, అక్రిలిక్ పారదర్శకమే కదా.

కడుగుడు కూడా పళ్లెంలోనే. కుళాయి ధార నేరుగా షీటు మీద పడనివ్వొద్దు. నీళ్లు పోసి, రెండు నిమిషాలు ఊపి, పారబోసి, మళ్లీ పోసి, అలా ఆరుసార్లు, చివరి రెండుసార్లు ఐదేసి నిమిషాలు ఉంచండి. వాడిన హైపోలో వెండి కరిగి ఉంటుంది, మొక్కల్లో పోయకుండా ఒక క్యానులో దాచండి.

ఆరబెట్టడం

బోరు నీళ్లు ఉన్నవాళ్లకు తెల్లటి మరకలు తప్పవు, అందుకని ఆఖరి నీళ్లు డిస్టిల్డ్ వాటరే వాడండి, బ్యాటరీల కోసం పెట్రోల్ బంకుల్లో అమ్మేది చాలు. అందులో నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారేలా చేసే ఫోటో-ఫ్లో కానీ ఇల్ఫోటాల్ కానీ 200 వంతులకు ఒక వంతు కలపండి, లీటరున్నరకు ఏడున్నర మి.లీ. ఎక్కువ వేస్తే బాగా పనిచేస్తుందనుకోవద్దు, జిడ్డు పొర మిగులుతుంది. ఆ తర్వాత స్పాంజి, వైపర్, గుడ్డ, వేళ్లు ఏవీ షీటుకు తగలకూడదు. అంతా సవ్యంగా చేసి ఇక్కడ రెండు వేళ్ల మధ్య షీటును జారవిడిచి నీళ్లు తుడిచేవాళ్లు ఉన్నారు, నేనూ ఒకప్పుడు అదే బాపతు. వేలికి అంటిన ఒక్క ఇసుక రేణువు చాలు.

తాడు కట్టి, బట్టల క్లిప్పుతో ఒక మూల పట్టి వేలాడదీయండి. మూలతో వేలాడితే నీళ్లన్నీ ఎదురు మూలకు జారి అక్కడ ఒక్క చుక్కగా నిలుస్తాయి, దాన్ని టిష్యూ కొసతో అంటించి తీయొచ్చు. షీటుకూ షీటుకూ మధ్య జానెడు దూరం. ఫ్యాను వద్దు. ఒకసారి మా ఇంటికి వచ్చిన పిన్ని "ఉక్కగా ఉంది నాన్నా" అంటూ ఫ్యాను వేసింది, పావుగంట తర్వాత చూస్తే రెండు షీట్లు ఎమల్షన్ ఎమల్షన్ అతుక్కుని ఊగుతున్నాయి. అలా అయితే లాగకండి. మళ్లీ నీళ్లలో వేసి వదిలేస్తే వాటంతట అవే విడిపోయే అవకాశముంది. నావి విడిపోయాయి, ఒకదానికి మచ్చ మిగిలింది.

ఎక్స్‌రే ఫిల్మ్ వాడేవాళ్లకు

ఖర్చు భరించలేక చాలామంది ఎక్స్‌రే ఫిల్మ్ కోసి వాడుతున్నారు, తప్పేం లేదు, నేనూ వాడతాను. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు 'ఇందు' పేరుతో మామూలు ఫిల్మ్‌తో పాటు ఎక్స్‌రే ఫిల్మ్ కూడా చేసేవాళ్లు, పాత స్టూడియోల వాళ్లను అడిగితే చెబుతారు. దీంతో ఉన్న సుఖం, ఆకుపచ్చ వెలుగుకు స్పందించే రకమైనా ఎర్ర లైటులో పని చేసుకోవచ్చు, కళ్లారా చూస్తూ కడగొచ్చు. కష్టం, రెండు వైపులా ఎమల్షన్ ఉంటుంది, అదీ చాలా మెత్తటిది. గళ్ల పళ్లెం చిల్లులు, ట్రే అడుగున ఉండే గాళ్లు, ఏదైనా సరే కింది వైపు అచ్చు పడిపోతుంది.

దీనికి నేను పళ్లెం పక్కన పెట్టేసి ఒక్కో షీటే కడుగుతాను. ట్రే అడుగున సరిగ్గా పట్టే గాజు పలక, అంచులు రుద్దించినది, వేసి దాని మీద షీటు. గాజు నున్నగా ఉంటుంది, షీటు దాని మీద సన్నటి నీటి పొర మీద జారుతుంది. ఇంకా భయమైతే జిప్ కవర్లో కాస్త మందు పోసి, షీటు జార్చి, గాలి తీసి మూసి, కవర్‌నే మెల్లగా ఊపండి. రోడినాల్ అనే డెవలపర్ వందకు ఒక వంతు కలిపితే పని నెమ్మదిగా, అదుపులో సాగుతుంది. కోసేటప్పుడు కట్టర్ బల్ల మీద శుభ్రమైన కాగితం పరచండి, పైన కూడా కాగితం పెట్టి దాని మీంచి నొక్కండి.

ఒక వైపు బాగా గీరుకుపోయినా షీటు పోయినట్టు కాదు. పూర్తిగా కడిగి ఆరాక బాగున్న వైపును గాజు పలక మీద బోర్లించి నాలుగు అంచులూ నీళ్లు దూరకుండా టేపు వేసి, పైనున్న చెడిన వైపుకు బట్టలకు వాడే బ్లీచ్ ద్రవం బ్రష్‌తో పూయండి. నిమిషంలో ఎమల్షన్ జారిపోతుంది. కడిగేసి టేపు తీయండి. నెగటివ్ పలచబడుతుంది, కానీ గీతలు ఉండవు. కిటికీ తెరిచి చేయండి, బ్లీచ్‌ను నిమ్మ ఉప్పుకో వేరే యాసిడ్‌కో తగలనివ్వకండి, విషవాయువు వస్తుంది.

అయినా పడితే

స్కానర్లలో ఉండే దుమ్ము తొలగించే ఇన్‌ఫ్రారెడ్ సౌకర్యం వెండి ఉన్న నలుపు తెలుపు ఫిల్మ్ మీద పనిచేయదు, దాన్ని ఆపేసి స్కాన్ చేసి చేత్తో సరిచేసుకోండి. ఎమల్షన్ వైపు పారదర్శకంగా పడ్డ గీతకు పాతవాళ్లు నెగటివ్ మీదే సన్నటి పెన్సిల్‌తో నింపేవాళ్లు, పెద్ద షీటు కాబట్టి ఓపికుంటే ఇప్పటికీ కుదురుతుంది. గీత వెనక వైపు ఉండి, ఎన్‌లార్జర్‌లో ప్రింటు వేసుకుంటుంటే మాత్రం ఇంకో మార్గం ఉంది. మా వీధి చివర స్టూడియో నడిపిన పెద్దాయన చూపించాడు. నా నెగటివ్ చూసి, "ఇంతేనా బాబూ" అని, చూపుడువేలితో తన ముక్కు పక్కన ఒకసారి రాసుకుని, ఆ వేలిని గీత పొడవునా తేలిగ్గా పాముతూ పోయాడు. ముక్కు జిడ్డు. అది గీతలో నిండితే వెలుగు అక్కడ చెదరకుండా నేరుగా వెళ్తుంది, ప్రింటులో గీత దాదాపు కనిపించదు. నాకు మొదట నవ్వొచ్చింది, ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. వెనక వైపు మాత్రమే, చాలా కొద్దిగా, ప్రింటు అయ్యాక మెత్తటి గుడ్డతో తుడిచేసి కవర్లో పెట్టండి.